అమ్మడూ, షెడ్యూల్ పెట్టేసి నిద్రపోకు

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, ఇది ఉద్యోగం మానేస్తానంటోంది. ఇంట్లో కూర్చుని ఫేస్‌బుక్ చూస్తే డబ్బులిస్తారంట" అని ఒకటే ఏడుపు. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత గుండెలో దడ. ఆ తర్వాత, నిజం చెప్పొద్దూ, కాస్త గర్వం కూడా. వ్యాపారాల సోషల్ మీడియా పేజీలు నడిపే పని నేను 2012 నుంచి చేస్తున్నాను, దాన్ని మీ అమ్మ ఇప్పటికీ "ఫేస్‌బుక్ చూడ్డం" అనే అనుకుంటోందని కూడా తెలిసింది, అది వేరే సంగతి.

ఫోన్లో చెబితే నువ్వు ఊఁ కొడుతూనే రీల్స్ చూస్తావని తెలుసు. అందుకే రాస్తున్నాను. కుదురుగా చదువు.

తేలికవి ముందు చెప్పేస్తాను. లింక్డిన్‌లో ప్రొఫైల్ సరిచేసుకో. ఫ్రీలాన్స్ పనులు దొరికే అప్‌వర్క్‌లో ఖాతా తెరువు. నౌకరీ సైట్‌లో రిమోట్ అని ఫిల్టర్ పెట్టి రోజూ ఒకసారి చూడు. రెజ్యూమే ఒక్క పేజీ చాలు, నీ పదో తరగతి మార్కులు ఎవడికీ అక్కర్లేదు. పోస్టర్లు చేసే కాన్వా నీకు వచ్చు, పేజీలు నడిపే మెటా బిజినెస్ సూట్ రెండు రోజుల్లో వస్తుంది. ఇవన్నీ నువ్వే చూసుకోగలవు.

నమూనా పనులు మాత్రం తేలిగ్గా తీసుకోకు. "పోర్ట్‌ఫోలియో" అని చెప్పి పది రంగురంగుల పోస్టర్లు చేసి పంపకు, అవి అందరూ పంపుతారు. మీ వీధి చివర కర్రీ పాయింట్ ఆవిడ ఉంది కదా, ఆవిడ దగ్గరికెళ్లి ఒక నెల ఊరికే చేసిపెడతానని అడుగు. నేనూ అలాగే మొదలెట్టాను. సాయంత్రం ఏడింటికి పులిహోర ఫోటో పెడితే లైకులు బోలెడొచ్చాయి, ఆర్డరు ఒక్కటీ లేదు. మర్నాడు పొద్దున్న పదకొండుకి ఆనపకాయ పులుసు గిన్నెలోంచి ఆవిరొస్తుంటే తీసి పెట్టాను. ఫోటో అంత బాగా రాలేదు కూడా. పన్నెండున్నర లోపల తొమ్మిది ఫోన్లొచ్చాయి. మధ్యాహ్నానికి ఏం వండుకోవాలా అని జనం తలపట్టుకునే వేళ అది, అంతే. ఇంటర్వ్యూలో "ఎంతమంది ఫాలోవర్లను పెంచావు" అంటే నువ్వు ఈ తొమ్మిది ఫోన్ల లాంటి సంగతి చెప్పాలి. అలాంటిది నీకంటూ ఒకటి ఉండాలి ముందు.

నీ తెలుగు కూడా అమ్ముకోవడం నేర్చుకో. నేను డాబాగార్డెన్స్‌లో ప్రింటింగ్ ప్రెస్‌లో శుభలేఖలు టైప్ చేస్తున్న రోజుల్లో అంతా ప్రెస్సుల్లో వాడే అను ఫాంట్లే. అది తెచ్చి ఫేస్‌బుక్‌లో అతికిస్తే పిచ్చి గీతలు వచ్చేవి. ఎక్కడైనా సరిగ్గా కనిపించే యూనికోడ్‌లో కొట్టడం వచ్చిన మనిషి దొరకడమే గగనం. అలా దొరికింది నాకు ఈ పని. ఇప్పుడు యూనికోడ్ అందరికీ వచ్చు, తెలుగు రావడం లేదు. బెంగళూరులో కూర్చున్న కంపెనీవాళ్లు ఇంగ్లీషు క్యాప్షన్‌ని మెషీన్‌లో వేసి తెలుగు తీసి పెడుతుంటారు, చూశావా? చదువుతుంటే అన్నంలో రాయి పంటికింద పడ్డట్టుంటుంది. అలాంటివి ఓ అయిదు పట్టుకుని, పక్కన నువ్వు రాసింది పెట్టి, నేరుగా వాళ్లకే పంపు. ఉద్యోగ ప్రకటన వచ్చేదాకా కూర్చోవాలని ఎవరు చెప్పారు?

ఇంకొకటి, మరిచిపోకముందే. వ్యాపారం పేజీకి రీల్ చేసేటప్పుడు సినిమా పాట పెట్టకు. నీ సొంత అకౌంట్లో దొరికే పాటలు బిజినెస్ అకౌంట్‌కి దొరకవు, హక్కులు వేరు. ఎక్కడినుంచో తెచ్చి అతికించావో, మ్యూట్ చేస్తారు, లేదా కాపీరైట్ నోటీసొస్తుంది. తిట్లు పడేది నీకే.

ఇప్పుడు నా భయాల సంగతి. మొదటిది దొంగలు. టెలిగ్రామ్‌లో "వీడియోకి లైక్ కొట్టండి, 150 ఇస్తాం" అంటారు. మొదటి రెండుసార్లు నిజంగానే ఇస్తారు. మూడోసారి "ప్రీపెయిడ్ టాస్క్" అని నీ దగ్గరే కట్టించుకుంటారు. మా వీధిలోనే బీటెక్ చదివిన కుర్రాడు మునిగాడు. చదువుకి, దీనికి సంబంధం లేదే పిల్లా. జీతం ఇచ్చేవాడు నీ దగ్గర డిపాజిట్ అడగడు, ల్యాప్‌టాప్‌కి అడ్వాన్స్ అడగడు. పొరపాటున కట్టేస్తే సిగ్గుపడి దాచిపెట్టకు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఇంట్లోంచే పని అని చెప్పి చివర్లో "ట్రైనింగ్‌కి ఒక్క నెల బ్యాంకాక్ రండి" అన్నాడంటే ఆ ఫోన్ అక్కడే పెట్టేయ్. డేటా ఎంట్రీ ఉద్యోగమని మన వైజాగ్ కుర్రాళ్లనే కాంబోడియా పట్టుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన సంగతి 2024 మే నెలలో మన పోలీసులే బయటపెట్టారు. వాళ్లలో కొందరు తిరిగొచ్చిన రోజు టీవీలో ఎయిర్‌పోర్ట్ చూపిస్తుంటే నాకు చేతులు వణికాయి. ఆ పిల్లలు నీ వయసువాళ్లు.

సరే. అసలు చెప్పాలనుకున్నది ఇది. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

2014లో హైదరాబాద్‌లో ఒక టూర్ల వ్యాపారి పేజీ నేను చూసేదాన్ని. వైజాగ్, అరకు ప్యాకేజీలు. ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు, అంతా ఫోన్లోనే. పేజీ తెరిచింది నేనే, నా ఖాతాతోనే. అడ్మిన్‌ని నేనొక్కదాన్నే. ఆయన ఒకసారి "నన్ను కూడా అందులో పెట్టండమ్మా" అంటే "మీకెందుకండీ ఆ గొడవంతా, నేనున్నాగా" అన్నాను. పెత్తనమో, ఎక్కడ నన్ను తీసేస్తాడోనన్న భయమో. రెండూ అనుకో.

అక్టోబర్ మొదట్లో నాకు దసరా పనులు తలకు మించి, ఒకేసారి పదిహేను రోజులకి సరిపడా పోస్టులు, చెప్పిన టైముకి వాటంతటవే వెళ్లేలా, షెడ్యూల్ పెట్టేశాను. ఎంత తెలివైనదాన్నో అని మురిసిపోయాను కూడా. తర్వాత తుఫాను కబురొచ్చింది. టీవీల్లో రెండు మూడు రోజుల ముందునుంచే చెబుతూనే ఉన్నారు. మనవాళ్ల ధీమా నీకు తెలుసుగా: "మనకి డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డుంది, తుఫాన్లన్నీ ఒడిశాకే పోతాయి." అంతకుముందు ఏడాది సరిగ్గా అక్టోబర్ 12నే ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది కూడా. ఇదీ అలాగే పోతుందనుకున్నాను. శనివారం రాత్రి కంప్యూటర్ ముందు కూర్చుని కరెంటు పోతుందేమోనని ఫోన్ ఛార్జింగ్ పెట్టాను, కొవ్వొత్తులు తీసి బల్లమీద పెట్టాను. షెడ్యూల్ పెట్టిన పోస్టులు మాత్రం గుర్తుకు రాలేదు. అయిదు నిమిషాల పని.

ఆదివారం, 12వ తారీఖు, హుద్‌హుద్ వచ్చింది. మేడమీద ప్లాస్టిక్ ట్యాంకు ఎగిరిపోయి ఎదురింటి గోడకి కొట్టుకుంది. కిటికీ రెక్కలు మీ పెదనాన్న తాడుతో కట్టి పట్టుకుని నిలబడ్డారు. మధ్యలో కాసేపు గాలి టక్కున ఆగింది. అయిపోయిందనుకుని జనం వీధుల్లోకి వచ్చారు. అది తుఫాను కన్ను మన మీదుగా పోతున్న సమయమని తర్వాత తెలిసింది. రెండో గాలి అవతలి వైపు నుంచి కొట్టింది. సాయంత్రానికి మా వీధిలో నిలబడ్డ చెట్టు లేదు, కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు.

ఆ ఆదివారం పొద్దున్న పదింటికి, చెట్లు కూలుతుండగా, నేను పెట్టిన పోస్టు తనంతట తను వెళ్లిపోయింది. ఆర్కే బీచ్‌లో అలల ఫోటో. "ఈ ఆదివారం అలలు పిలుస్తున్నాయి. ఇంకా ఇంట్లోనే ఉన్నారా?" సోమవారం ఇంకోటి: "గాలి పీల్చినా కడుపు నిండే ఊరు వైజాగ్." మంగళవారం అరకు ఆఫర్.

నాకేమీ తెలియదు. పాల ప్యాకెట్ కోసం, మంచినీళ్ల కోసం తిరుగుతున్నాం. బుధవారం సాయంత్రం పక్కింటివాళ్ల కారులో ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుని ఆశీల్‌మెట్ట ఫ్లైఓవర్ మీదకి నడిచాను, అక్కడ సిగ్నల్ వస్తోందని ఎవరో అంటే. ఒక్కసారిగా ఫోన్ కొట్టుకోవడం మొదలెట్టింది. ఆ పోస్టుల కింద వందల కామెంట్లు. తిట్లు నేను తట్టుకునేదాన్ని. ఒక కామెంట్ మాత్రం ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తుంది. "మా అమ్మ ఒక్కతే ఉంది వైజాగ్‌లో. రెండు రోజులుగా ఫోన్ కలవడం లేదు. మీకు అలలు పిలుస్తున్నాయా?" దుబాయ్ నుంచి రాశాడు ఎవరో. ఫ్లైఓవర్ గోడకి ఆనుకుని అక్కడే కూర్చుండిపోయాను.

ఆ వ్యాపారి మూడు రోజులుగా నాకు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. పోస్టు తీసేయడానికి ఆయనకి దారి లేదు, ఆ తాళం నా దగ్గరే ఉంది కదా. కొందరు ఆయన ఆఫీసుకే ఫోన్ చేసి తిట్టారట. నేను ఏడుస్తూ క్షమించమంటుంటే కోప్పడలేదు. "మీరందరూ బాగున్నారా అమ్మా" అని అడిగాడు ముందు. తర్వాత, చాలా మెల్లగా, "పేజీ మా పేరుకి మార్చేయండి" అన్నాడు. తిట్టుంటే బాగుండేది.

కాబట్టి విను. ఏ క్లయింట్ పేజీ అయినా వాళ్ల బిజినెస్ ఖాతాలోనే ఉండాలి, నీకు పని చేసుకునేంత యాక్సెస్ మాత్రం ఇమ్మను. వాళ్ల పాస్‌వర్డ్ నువ్వు తీసుకోకు, ఇస్తానన్నా వద్దను. పూర్తి అధికారం వాళ్ల తరఫున ఇద్దరికి ఉండాలి. వారానికి మించి షెడ్యూల్ పెట్టకు. ఏ రోజు ఏది వెళ్తుందో ఒక గూగుల్ షీట్‌లో రాసి క్లయింట్‌కి ఇవ్వు, నువ్వు కనబడకుండా పోతే ఎలా ఆపాలో పైన రెండు లైన్లలో రాసిపెట్టు. పొద్దున్న లేచి ముందు వార్తలు చూడు, తర్వాతే పోస్టులు. 2020 మే 7న గోపాలపట్నం వైపు గ్యాస్ లీకైన పొద్దున్న మా అన్నయ్య ఫోన్ చేయగానే నేను చేసిన మొదటి పని, ఏడుగురు క్లయింట్ల పోస్టులన్నీ ఆపేయడం. మీ పెదనాన్న "ఇప్పుడా అది" అన్నారు. ఇప్పుడే.

ఎక్కడో ఉన్న మనిషి ముఖం చూడకుండా నీ చేతికి తన దుకాణం అప్పజెబుతాడు. నీ ఇంట్లో కరెంటు పోయిందని అతనికి ఎలా తెలుస్తుంది? రూటర్‌కి చిన్న యూపీఎస్ కొనుక్కో. రెండు కంపెనీల సిమ్‌లు పెట్టుకో. మరీ కరెంటు లేకపోతే మా ఇంటికి రా, ఇన్వర్టర్ ఉంది.

డబ్బు విషయం. మెయిల్‌లో అయినా సరే రాతపూర్వకంగా ఉండాలి: నెలకి ఎన్ని పోస్టులు, ఎన్నిసార్లు మార్పులు, ఏ తారీఖుకి డబ్బు. మొదటి నెల సగం ముందే అడుగు. కొత్త క్లయింట్ పరీక్షకని అడిగితే ఒక పోస్టు ఊరికే చెయ్యి, వారం రోజుల పని ఊరికే చేయకు. ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ సంగతి చూడాలి, దాటిన రోజు స్వీట్లు పట్టుకుని రా, అప్పుడు చెబుతాను.

అమెరికా క్లయింట్ దొరికితే ఎగిరి గంతేస్తావని తెలుసు. న్యూయార్క్‌లో పొద్దున్న తొమ్మిదంటే మనకి వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. వాళ్ల ఆఫీసు మూసేసరికి మనకి తెల్లవారుజాము. మీ పెదనాన్న స్టీల్ ప్లాంట్‌లో సీ షిఫ్టులు, అంటే రాత్రి డ్యూటీలు, చేసేవారు. పొద్దున్న ప్లాంట్ బస్సు తెచ్చి దింపేస్తే పని అక్కడితో అయిపోయేది. నిన్ను దింపడానికి బస్సు ఉండదు. మంచం మీదే ల్యాప్‌టాప్, మంచం మీదే నిద్ర అయితే నెల తిరక్కుండానే కళ్ల కింద నల్లటి చారలొస్తాయి. రోజుకి నాలుగు గంటలు మాత్రమే వాళ్లతో కలిసి ఉంటానని ముందే చెప్పు. ఒప్పుకునేవాళ్లు ఉన్నారు. ఇంట్లో గోలగా ఉంటే ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి వెళ్లు. ఇది భయంతో చెప్పడం లేదు, భయంతోనే చెబుతున్నాను, సరే.

ఇప్పుడున్న ఉద్యోగం ఈ నెల మానకు. ఒక్క క్లయింట్ రెండు నెలలు వరసగా డబ్బు వేశాక చూద్దాం. మీ అమ్మతో నేను మాట్లాడతాను, నువ్వు ఏమీ వాదించకు, అది కూడా మా చెల్లెలే, నాకు తెలుసు ఎలా చెప్పాలో.

ఆదివారం మధ్యాహ్నం వస్తున్నాను. కర్రీ పాయింట్ ఆవిడ దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్దాం. వచ్చేముందు ఫోన్ చేస్తాను, ఈసారైనా స్విచ్ఛాఫ్ పెట్టకు.

నీ దొడ్డమ్మ