కాంక్రీటు పడవకి పెట్టిన టైమ్ ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటాం. మా అబ్బాయి ఇక్కడే సివిల్ ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. సెప్టెంబరు నుంచి శని, ఆదివారాలు కాంక్రీటు పడవ పోటీ అంటూ ల్యాబ్‌లోనే ఉంటున్నాడు. జీపీఏ 3.4 నుంచి 3.1కి పడింది. వేసవికి ఇంటర్న్‌షిప్ ఇంకా దొరకలేదు. వాళ్ల నాన్నగారు సాఫ్ట్‌వేర్. "మెడకు రాయి కట్టుకుని ఈదడమంటే ఇదే" అంటున్నారు. క్రిస్మస్ సెలవులకు ఇంటికొచ్చాడు. ఈ పడవ మానేయమని చెప్పమంటారా?

జవాబు: వద్దమ్మా, మానేయమని చెప్పకండి. కానీ వాణ్ణి కూర్చోబెట్టి ఒక ప్రశ్న అడగండి. అదేమిటో చివర్లో చెప్తాను.

సిమెంటు నీళ్లలో తేలడమేంటని మీవారికి నవ్వు రావడం సహజమే. కానీ ఇనుప ఓడలు తేలడం లేదా? పైగా ఇది ఈనాటి వింత కాదు. ఫ్రాన్స్‌లో లాంబో అనే ఆయన 1848లోనే ఇనుప తీగల వల మీద సిమెంటు మెత్తి పడవ చేశాడు, 1855లో పారిస్ ప్రదర్శనలో పెట్టాడు. అమెరికాలో 1971లో ఇల్లినాయ్, పర్డ్యూ విద్యార్థులు తమ కాంక్రీటు పడవలతో పందెం వేసుకున్నారు. 1988 నుంచి అమెరికన్ సొసైటీ ఆఫ్ సివిల్ ఇంజనీర్స్ జాతీయ స్థాయిలో పోటీ పెడుతోంది.

ఇందులో అసలు చిక్కు తెడ్డు వేయడం కాదు, స్వాంప్ టెస్ట్. పడవను నిండా నీళ్లతో నింపి ముంచేస్తారు. అది తనంతట తానే పైకి రావాలి. మన ఇళ్ల స్లాబుకు పోసే కాంక్రీటు క్యూబిక్ మీటరుకు దాదాపు 2400 కిలోలుంటుంది, నీళ్లు 1000 కిలోలు. కాబట్టి పిల్లలు కంకర తీసేసి, నురగలాంటి గాజు గుళికలు, లోపల బోలుగా ఉండే సన్నని గాజు పూసలు, ఫ్లై యాష్ (బొగ్గు కాల్చగా మిగిలే బూడిద) కలుపుతారు. తేలికైతే బలం పోతుంది, బలం పెంచితే బరువెక్కుతుంది. ఆ రెంటి మధ్య నెలల తరబడి ట్రయల్ మిక్స్‌లు వేస్తూ, బలం చూడ్డానికి పోసిన కాంక్రీటు సిలిండర్లు విరగ్గొడుతూ గడుపుతారు. సుమారు ఇరవై అడుగుల పొడవు, వేలెడు మందం కూడా లేని గోడ. అచ్చులోంచి తీసేటప్పుడు, ట్రెయిలర్ ఎక్కించేటప్పుడు ఎక్కడ పగుల్తుందోనన్న టెన్షన్ రేసు రోజు కంటే ఎక్కువ.

నేను కౌన్సెలింగ్‌లోకి రాకముందు ఒక నిర్మాణ సంస్థలో ఇంటర్వ్యూలు చేసేవాణ్ణి. ఒకే టీమ్ నుంచి ఇద్దరు పిల్లలు వచ్చారు. మొదటివాడు "మేం పడవ కట్టాం సార్, మా రీజియన్‌లో రెండో స్థానం" అన్నాడు. ఇంకేం చేశావంటే మళ్లీ అదే. రెండో అమ్మాయి స్థానం మాటే ఎత్తలేదు. ఏడో రోజు సిలిండర్లు అనుకున్న బలానికి చాలా ముందే విరిగాయని, మిక్స్ గట్టిగా ఉండి సరిగా కుదరలేదని చెప్పింది. కారణం వెతికితే ఎండు గుళికలు కలిపిన నీళ్లన్నీ స్పంజిలా తాగేస్తున్నాయట. ముందు రాత్రే వాటిని నానబెట్టి, ఆ నీటిని లెక్కలో చూపించి మళ్లీ పోశారు. ఆ అమ్మాయి నోట్‌బుక్ పేజీలకు సిమెంటు మరకలు కూడా ఉన్నాయి. ఉద్యోగం ఎవరికిచ్చామో మీకు చెప్పక్కర్లేదు.

మీవాడు ఆ ఇద్దరిలో ఎవరు? "అందరం అన్నీ చేస్తాం" అంటే మాత్రం కంగారు పడండి. మిక్స్, స్ట్రక్చరల్ లెక్కలు, షెడ్యూలూ బడ్జెట్టూ, వీటిలో ఏదో ఒకటి వాడి పేరు మీద ఉండాలి. తెడ్డు వేయడం సరదా, గీకి నునుపు చేయడం సేవ. రెజ్యూమెలో వాటికి పెద్ద చోటుండదు. అన్నట్టు, గీకేటప్పుడు సరైన రెస్పిరేటర్ పెట్టుకుంటున్నాడా అని కూడా అడగండి. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, గుడ్డ మాస్కు ఆపదు.

జీపీఏ విషయంలో మీ భయంలో న్యాయముంది. చాలా కంపెనీలు 3.0 దగ్గర గీత గీస్తాయి. 3.1 అంటే ఒక్క సబ్జెక్టు దెబ్బతింటే గీత కిందికే. వసంతంలో పోటీ దాకా వారానికి ఇన్ని గంటలే అని వాడి చేతే రాయించండి, వచ్చే ఏడు కెప్టెన్సీ మాట సమ్మర్ తర్వాత చూద్దామనండి. చివరి ఏడు ఎఫ్‌ఈ (ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజనీరింగ్) పరీక్ష కూడా ఉంది, 110 ప్రశ్నలు. పడవ దానికి బదులు కాదు. ముందు ముందు పీఈ (ప్రొఫెషనల్ ఇంజనీర్) లైసెన్సుకి తొలి మెట్టు ఆ పరీక్షే.

ఇంటర్న్‌షిప్‌కి ఆన్‌లైన్‌లో వందలకొద్దీ దరఖాస్తులు పంపే బదులు, ఇదే టీమ్‌లో చేసి ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న సీనియర్లకు ఈ సెలవుల్లోనే రాయమనండి. టీమ్‌కి మెటీరియల్ ఇచ్చిన కంపెనీలుంటే వాళ్లనీ అడగమనండి. మొహమాటపడతాడు, పడనీయకండి.

ఇక ఆ ప్రశ్న. "పడవ గురించి రెజ్యూమెలో రాసుకున్న రెండు లైన్లు చూపించరా" అనండి, మీవారి ముందే. అందులో వాడి పని ఏదో తెలియకపోయినా, ఒక్క అంకె కూడా లేకపోయినా, సెలవులు అయ్యేలోగా మళ్లీ రాయించండి.