విదేశీ సాయం మారుమూల పల్లెదాకా చేరుతుందా? రాయగడ జిల్లాలో నేను చూసింది

"గ్లోబల్ ఫండ్, డబ్ల్యూహెచ్‌ఓ, యూనిసెఫ్ అంటూ ఏటా వేల కోట్లు ఖర్చు చేస్తారు. అందులో ఏమైనా నిజంగా కొండమీది మనిషికి చేరుతుందా? నెలనెలా కొంత విరాళం ఇద్దామనుకుంటున్నాను, చూసినవాళ్ళు చెప్పండి" అని ఒకరు అడిగారు. చేరుతుంది. నేను చూశాను. అయితే ఒక్కసారి వచ్చి ఆగిపోయిన సాయం ఎంతకాలం నిలుస్తుందో కూడా చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది ఒడిశా రాయగడ జిల్లాలో గుణుపూర్ వైపు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. మాకు మందుల షాపు ఉంది. వానలు మొదలైన దగ్గర్నుంచి దీపావళి దాటేదాకా షాపుకి వచ్చేవాళ్ళలో చలిజ్వరం వాళ్ళే ఎక్కువ ఉండేవారు. మా కొండల్లో ఎక్కువగా కనిపించేది ఫాల్సిపారం మలేరియా. అది మెదడుకెక్కితే మనిషి దక్కడం కష్టం. కొండమీది సవర గూడేల నుంచి డోలీ కట్టి కిందికి మోసుకొచ్చేసరికి ఒక పగలు గడిచిపోయేది. వచ్చాక కూడా రక్తపరీక్ష లేకుండానే సెలైన్ ఎక్కించి వందలు వసూలు చేసే వైద్యుల చేతుల్లో పడేవారు. అప్పు తెచ్చి ఆ డబ్బు కట్టినవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

2017లో రెండు పనులు ఒకేసారి జరిగాయి. మొదటిది దోమతెరలు. గ్లోబల్ ఫండ్ 2002లో మొదలైంది. ఎయిడ్స్, టీబీ, మలేరియాల మీద పోరాటానికి ప్రభుత్వాల నుంచీ దాతల నుంచీ డబ్బు కూడగడుతుంది. ఆ సాయంతో ఒడిశాలో కోటికి పైగా మందు పట్టించిన దోమతెరలు పంచారు. రెండోది రాష్ట్ర ప్రభుత్వం చేపట్టిన 'దమన్' కార్యక్రమం. దారి సరిగా లేని గూడేలకు వెళ్ళి, జ్వరం ఉన్నా లేకపోయినా ఊళ్ళో ప్రతి మనిషికీ పరీక్ష చేసి, మలేరియా ఉందని తేలినవాళ్ళకు అక్కడే మందు మొదలుపెట్టడం దీని పద్ధతి. వానలకు ముందు ఒకసారి, వానలయ్యాక ఇంకోసారి.

ఆ శిబిరాలకు రిజిస్టరు రాయడానికి నేను సాయం వెళ్ళేవాణ్ణి. వేలి కొసన గుచ్చి రక్తపు చుక్క పరీక్ష కిట్టు మీద వేస్తే, మలేరియా ఉంటే ఇరవై నిమిషాల్లో గీత తేలుతుంది. నన్ను కదిలించింది ఏమిటంటే, హాయిగా నవ్వుతూ తిరిగే పిల్లల కిట్ల మీద కూడా గీత పడేది. మళ్ళీమళ్ళీ మలేరియా వచ్చిన ఒంటికి జ్వరం బయటపడదు, క్రిమి మాత్రం రక్తంలోనే ఉంటుంది. మెల్లగా రక్తం తగ్గిపోతుంది. ఆ బిడ్డను కుట్టిన దోమ పక్కింటి పసిబిడ్డకు అంటిస్తుంది. ఒక తల్లి "ఆడుకుంటున్న పిల్లకి మందెందుకు" అని గట్టిగా అడ్డం తిరిగింది. మా ఆశా దిది (ఊళ్ళో ఆరోగ్య సేవలు చూసే ఆశా కార్యకర్త; దిది అంటే ఒడియాలో అక్క) అరుగు మీద కూర్చుని ఆ పిల్ల కనురెప్ప కిందికి లాగి పాలిపోయిన రంగు చూపించింది. "బడికి పంపితే మధ్యాహ్నానికే నిద్రపోతోందని మాస్టారు అంటున్నారు కదమ్మా, అదే ఇది" అంది. తల్లి మందు వేయించింది. జ్వరంతో ఆసుపత్రికి వచ్చినవాళ్ళకే మందిచ్చి ఊరుకుంటే ఆ పిల్ల ఎవరి లెక్కలోకీ వచ్చేది కాదు.

ఫలితం మా షాపులోనే తెలిసింది. ఒకటి రెండేళ్ళలో చలిజ్వరం మందుల అమ్మకం బాగా పడిపోయింది. అది చూసి మా నాన్న దేవుడికి దండం పెట్టుకున్నారు. రాష్ట్రంలో 2016లో 4 లక్షలు దాటిన మలేరియా కేసులు 2018కి 70 వేల లోపుకు దిగాయి. డబ్ల్యూహెచ్‌ఓ 2018 ప్రపంచ మలేరియా నివేదిక భారత్‌లో కేసులు తగ్గడానికి ముఖ్య కారణంగా ఒడిశానే చూపించింది.

ఇది ఒక్కరి గొప్పతనం అని నేను అనను. మలేరియా మందులోని ఆర్టెమిసినిన్‌ని కనిపెట్టిన చైనా శాస్త్రవేత్త టూ యూయూకి 2015లో నోబెల్ వచ్చింది. మా జిల్లాలోనే బిస్సంకటక్‌లో 1954 నాడే డెన్మార్క్ నుంచి వచ్చిన ఎలిజబెత్ మాడ్సెన్ అనే డాక్టరమ్మ పెట్టిన ఆసుపత్రి ఇప్పటికీ గిరిజన గూడేల మధ్య పనిచేస్తోంది. ఎక్కడో ఒకరు డబ్బు ఇచ్చారు, ఇంకెక్కడో ఒకరు మందు కనిపెట్టారు, చివరికి కొండెక్కింది మాత్రం మా ఆశా దిది. ఆమెకు జీతమంటూ లేదు, ప్రోత్సాహకంగా వచ్చే కొద్ది రూపాయలే. నా దృష్టిలో ఈ మొత్తంలో పెద్ద అన్యాయం ఇదే.

దోమతెర ఇచ్చినంత మాత్రాన పని అయిపోదు. పంట కాపలాకి మగవాళ్ళు మంచె మీద పడుకుంటారు, అక్కడ తెర కట్టడం కుదరదు. మందు పట్టించిన తెర మూడేళ్ళు పనిచేస్తుంది, ఆ తర్వాత మందూ పోతుంది, గుడ్డా చిరుగుతుంది. అప్పుడు దాన్ని కూరమళ్ళకు దడిగా కడతారు. దానికి గూడెం వాళ్ళని తప్పుపట్టడం నాకు నచ్చదు, సమయానికి కొత్తది అందకపోతే వాళ్ళేం చేస్తారు? కోవిడ్ కాలంలో శిబిరాలకు అంతరాయం కలిగింది. 2022 తర్వాత ఒడిశాలో కేసులు మళ్ళీ పెరగడం మొదలైంది. 2025లో అమెరికా తన విదేశీ సాయాన్ని భారీగా కోసేసింది. 2023లో ప్రపంచంలో దాదాపు 6 లక్షల మంది మలేరియాతో చనిపోయారు, ఎక్కువమంది ఆఫ్రికా పసిపిల్లలు. అక్కడ తెరలు ఆలస్యమైతే ఏమవుతుందో మా ఊరివాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అందుకని విరాళం ఇవ్వండి, కానీ ఇచ్చే ముందు ఆ సంస్థను రెండు సంగతులు అడగండి. మూడేళ్ళ తర్వాత మళ్ళీ అదే ఊరికి వెళ్తున్నారా? ఊళ్ళో పనిచేసే మనిషికి ఎంత ఇస్తున్నారు? ఫొటోలు చూపించి సూటిగా జవాబివ్వకపోతే ఇంకో సంస్థను చూసుకోండి.

ఇంకొక మాట, పార్వతీపురం, పాతపట్నం వైపు నుంచి మా సంతలకూ పనులకూ వచ్చేవాళ్ళ కోసం. ఇంటికి వెళ్ళాక జ్వరం వస్తే రెండో రోజు దాకా ఆగకండి. ఆశా దగ్గరైనా ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా పరీక్ష, మందు రెండూ ఉచితమే. ఒడిశా కొండలకు వెళ్ళొచ్చామని ముందే చెప్పండి, ఇచ్చిన మందు మధ్యలో మానకండి.