నైట్ డైవ్‌కి 5,000 ల్యూమెన్ల టార్చి ఒక్కటి చాలదా, బ్యాకప్ కూడా కొనాలా?

అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో మొదటి నైట్ డైవ్‌కి, అంటే రాత్రిపూట సముద్రంలో మునిగి చూడడానికి, 5,000 ల్యూమెన్ల (వెలుతురు కొలత) టార్చి ఒక్కటే కొందామనుకుంటున్నానని రాశారు. ఒక్కటి చాలదండీ. అదే డబ్బుతో రెండు కొనండి. చేతిలో ఒకటి, ఛాతీ దగ్గర పట్టీకుండే డి-రింగ్‌కి (సామాను తగిలించే లోహపు రింగు) ఇంకొకటి. కేవ్ డైవర్లైతే ఒక ప్రైమరీ (ముఖ్యమైన టార్చి), రెండు బ్యాకప్‌లు లేనిదే గుహలో అడుగుపెట్టరు.

ప్రైమరీలో ముందు చూడాల్సింది బీమ్ కోణం (వెలుగు ఎంత వెడల్పుగా పరుచుకుంటుందో), ఆ తర్వాతే ల్యూమెన్లు. రీఫ్ మీద రాత్రిపూట 1,000 ల్యూమెన్లు, 8 నుంచి 12 డిగ్రీల కోణం హాయిగా సరిపోతాయి. 5,000 అని అమ్మేవాటిలో చాలావరకు వీడియో లైట్లే, వాటి వెలుగు 100 డిగ్రీలకు పైగా పరుచుకుంటుంది. నీళ్లలో తేలే నలుసులన్నీ ఒక్కసారిగా మెరిసి, లంబసింగి పొగమంచులో హైబీమ్ వేసి కారు నడిపినట్టుంటుంది. పైగా సైగలు చేయాలన్నా సన్నటి బీమే కావాలి. బడ్డీ (జతగా దిగే డైవర్) ముందు ఇసుక మీద నెమ్మదిగా గుండ్రంగా తిప్పితే ఓకే, అటూ ఇటూ గబగబా ఊపితే ప్రమాదం. వెడల్పాటి వెలుతురులో ఏది ఏదో తెలియదు.

డబ్బా మీద రాసిన రన్‌టైమ్‌ని నమ్మి నీళ్లలోకి దిగొద్దు. టార్చిల కొలతలకి వాడే ఎఫ్ఎల్1 ప్రమాణంలో, వెలుతురు మొదటిదాంట్లో పదో వంతుకు పడిపోయేదాకా లెక్కే. ఫుల్ చార్జ్ చేసి బకెట్ నీళ్లలో ముంచి, గడియారం పెట్టుకుని చూడండి. గాల్లో వెలిగిస్తే వేడెక్కి తనే వెలుతురు తగ్గించేసుకుంటుంది, పరీక్ష తప్పుతుంది. 50 నిమిషాల డైవ్‌కి కనీసం 75 నిమిషాలు నిలకడగా వెలగాలి. 18650 (టార్చిల్లో వాడే లిథియం సెల్ సైజు) సెల్ మీద 9,900 ఎంఏహెచ్ (పట్టే చార్జ్ కొలత) అని ఉంటే పక్కన పెట్టేయండి, ఆ సైజులో నిజంగా పట్టేది 3,500 దరిదాపుల్లోనే.

బ్యాకప్‌కి 200 నుంచి 400 ల్యూమెన్లు చాలు. ఒకే మోడ్, టార్చి తల తిప్పితే వెలగడం, అంతే. టపటపా మెరిసే స్ట్రోబ్‌లూ అవీ వద్దు. సెల్ అయిపోయేకొద్దీ మెల్లగా మసకబారే రకమే నయం. చివరిదాకా ఒకేలా వెలిగేవి ఠక్కున ఆరిపోతాయి. ఆల్కలైన్ సెల్స్ ప్రతి ట్రిప్‌కీ కొత్తవి వేసి, ఇంటికొచ్చాక తీసేయండి, లోపలే ఉంచితే కారి టార్చిని తినేస్తాయి. ఈ తల తిప్పే రకంతో ఒక తంటా ఉంది. ఆరేంతవరకే వదులు చేసి ఊరుకుంటే, లోతులో ఒత్తిడికి తల లోపలికి నొక్కుకుని దానంతటదే వెలుగుతుంది. మీకు అవసరమయ్యే సమయానికి సెల్ ఖాళీ. ఆరాక ఇంకో సగం చుట్టు తిప్పండి, అంతకు మించితే ఓ-రింగ్ (నీళ్లు దిగకుండా ఆపే రబ్బరు వలయం) జారి నీళ్లు దిగుతాయి. వెనక బోల్ట్ స్నాప్ (స్ప్రింగ్ కొక్కెం) కట్టి, ముందు భాగాన్ని సైకిల్ ట్యూబు ముక్కతో స్ట్రాప్‌కి బిగిస్తే వేలాడదు.

ఓ-రింగ్‌ని పిన్నీసుతో లాగకండి, గీత పడుతుంది. రెండు వేళ్లతో పక్కల నుంచి నొక్కితే ఒకచోట ఉబుకుతుంది, అక్కడ పట్టుకుని తీయండి. పోగులు రాలని గుడ్డతో గాడి తుడిచి, రింగ్‌కి బియ్యపుగింజంత సిలికాన్ గ్రీజు రాయండి. రింగ్ మెరవాలి, ముద్ద కనబడకూడదు. నీళ్లని ఆపేది రబ్బరే కానీ గ్రీజు కాదు. ఎక్కువైతే ఇసుక పడుతుంది, ఒక్క వెంట్రుక అడ్డుపడినా కారుతుంది.

లిథియం సెల్ ఉన్న టార్చిలోకి నీళ్లు దిగితే మొహానికి దూరంగా పట్టుకుని తెరవండి. ఉప్పునీళ్లు తగిలిన సెల్ నుంచి వాయువు పుట్టి మూత ఎగిరిపడొచ్చు. ఆ సెల్ మళ్లీ వాడకండి.

పోర్ట్‌బ్లెయిర్ ఫ్లైట్‌కి విడి లిథియం సెల్స్ చెక్-ఇన్ సామానులో ఒప్పుకోరు. టార్చిలోంచి తీసి, ఒక్కోదాన్నీ విడిగా ప్లాస్టిక్ డబ్బాలో వేసి చేతిసంచిలో పెట్టుకోండి. పడవ మీంచి దూకే ముందు రెండూ ఒకసారి వెలిగించి చూసుకోండి. నీళ్లలో ప్రైమరీ మినుకుమంటుంటే, అది ఆరకముందే బ్యాకప్ వెలిగించి బడ్డీకి సైగ చేసి, డైవ్ అక్కడితో ఆపి పైకి వచ్చేయండి.