సింగలీలాలో పని మొదలుపెట్టే ముందు

చి. సుజాతకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రతిపాదన చదివాను. డార్జిలింగ్ కొండల్లోని సింగలీలా జాతీయ పార్కునూ, సరిహద్దుకు అవతల నేపాల్‌లోని ఇలాం, పాంచ్‌థర్ జిల్లాల అడవినీ కలిపి ఉమ్మడి రక్షిత ప్రాంతం చేయాలన్న ఆలోచన సరైనదే. మన వైపు పార్కు 78 చదరపు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. అంత చిన్న ముక్కలో నువ్వు కాపాడాలనుకుంటున్న ఎర్రపాండా, చెట్ల మీద బతికే ఆ చిన్న జంతువు, ఒంటరిగా ఎన్ని తరాలు నెట్టుకొస్తుంది?

అయితే, ఉమ్మడి పార్కుకు పేరూ చిహ్నమూ అప్పుడే తయారుచేశావు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! మొదటి మెట్టుగా రాసిన ఢిల్లీ, ఖాట్మండు ఒప్పందాన్ని తీసి చివరన పెట్టు. దానికోసం కూర్చుంటే నీ సర్వీసంతా ఫైళ్లలోనే తెల్లవారుతుంది. అమెరికా, కెనడాలు 1932లోనే వాటర్టన్, గ్లేసియర్ పార్కులను కలిపి శాంతి పార్కు అన్నాయి. ఇప్పటికీ ఎవరి పార్కు వాళ్లే నడుపుకుంటున్నారు. అంత దూరమెందుకు? 2014 తర్వాత మన నల్లమల పులుల అడవి అమ్రాబాద్ ఒకరికీ, నాగార్జునసాగర్-శ్రీశైలం ఇంకొకరికీ అయింది. పులి కృష్ణ ఈది అవతలికి పోతే ఈ ఒడ్డు రేంజరు ఆ ఒడ్డు రేంజరుకి ఫోను చేయాల్సిందే. నీ పని కూడా ఆ ఫోను దగ్గరే మొదలవ్వాలి.

ఇక్కడొక చిక్కుంది. మన వైపు అడవి అటవీశాఖది, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నడుస్తుంది, పార్కులో మేపు కుదరదు. అటు ఇలాంలో చాలా అడవి ఊళ్ల చేతిలో ఉంది, సముదాయ వన బృందాలే నడుపుతాయి. మన డీఎఫ్‌ఓకి, అంటే జిల్లా స్థాయి అటవీ అధికారికి, అటు సమానమైన అధికారిని వెతికితే సగం మంది దొరకరు. బృందం అధ్యక్షుడు పొద్దున చౌరీ పశువుల (యాక్, ఆవు సంకరం) పాలు పితికి, మధ్యాహ్నం మీటింగుకి వస్తాడు. ఆయనతో మన బీట్ గార్డును కలిపి కూర్చోబెట్టు. ఇద్దరి భాషా నేపాలీయే, నీ ఇంగ్లిష్ ప్రతిపాదన ఇద్దరికీ అక్కర్లేదు.

కలిసి చేసే మొదటి పని పెంటికల లెక్క. ఎర్రపాండా నాచు పట్టిన కొమ్మల మీద ఒకేచోట కుప్పగా వేస్తుంది. మలింగో వెదురాకు తింటుంది కాబట్టి అవి ఆకుపచ్చగా, కండె ఆకారంలో ఉంటాయి. ఒకే ఫారం, ఒకే వారం, రెండు వైపులా. వానల్లో వద్దు, జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్య వరకు పార్కే మూసేస్తారు.

రెండోది కుక్కలు. నాకు దీని మీదే ఎక్కువ పట్టింపు. సందక్‌ఫూ శిఖరానికి నడిచే యాత్రికుల దారి రెండు దేశాల్లోకీ వంకరలు తిరుగుతుంది. దారిలోని మజిలీలు తుమ్లింగ్, కాలీపోఖ్రీ నేపాల్‌వే. లాడ్జీల ఎంగిలి తిని పెరిగిన కుక్కలు పాండాలను తరుముతాయి, పైగా డిస్టెంపర్, రేబీస్ జబ్బులు మోసుకొస్తాయి. ఒక వైపే టీకాలు వేస్తే డబ్బు దండగ. ఇందులో ఎవరి సార్వభౌమత్వానికీ దెబ్బ లేదు, అందుకే ఎవరూ అడ్డుపడరు. అలవాటు పడేదీ ఇలాంటి పనులతోనే.

జంతువుల ఫొటోలు తీసే కెమెరాలు అడవిలో పెట్టేముందు మన వైపు సరిహద్దు కాపలా దళం ఎస్‌ఎస్‌బీ పోస్టుకూ, అటు సాయుధ పోలీసులకూ స్థలాల పట్టీ ఇవ్వు. సరిహద్దులో చెట్టుకి కట్టిన కెమెరాను జవాను పాండా కోసమే అనుకోడు. జంతువును వదిలేటప్పుడు కూడా అంతే. డార్జిలింగ్ జూలో పెరిగిన రెండు ఆడ పాండాలను 2003లో సింగలీలాలో వదిలారు (ఆ జూ పేరు మన హైదరాబాదు ఆడబిడ్డ పద్మజా నాయుడిది). వదిలాక అది ఏ దేశంలోకి పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. ముందే అవతలి వాళ్లకి చెప్పు.

గోఠ్‌వాలాలను, అంటే అడవిలో పశువుల దొడ్లు వేసుకుని మేపుకునేవాళ్లను, తర్వాత చూద్దామనుకోకు. సిక్కింలో 1998లో మేపు నిషేధించాక పశువులు అమ్ముకున్నవాళ్లను అడిగితే పార్కంటే వాళ్లకి ఏమిటో తెలుస్తుంది. పటం గీయకముందే వెళ్లు. కాపలా జీతాలు ముందు వాళ్లకే అందేలా బడ్జెట్‌లో రాయి.

ఉత్తరాన కాంచన్‌జంఘా సంరక్షణ ప్రాంతాన్ని నేపాల్ 2006లో ఊళ్ల మండలికి అప్పగించింది. ఆ వేడుక చూసి తిరిగొస్తుండగా సెప్టెంబరు 23న ఘున్సా దగ్గర హెలికాప్టర్ కూలి 24 మంది పోయారు, అందులో పేరున్న సంరక్షకులు ఎందరో. అయినా మండలి నిలబడింది. నీ కాగితంలో అన్ని సంతకాలూ నీ ఒక్కదానివే ఉన్నాయి, ఆ పేజీ మార్చు.

ఫారం నమూనా నేపాలీలో రాసి పంపు, చూసిపెడతాను. నా నేపాలీకి ఇంకా తుప్పు పట్టలేదు.

ఇట్లు,
పెదనాన్న