కుక్కలతో సముద్రం పక్కన కాటేజీ: నెల్లూరు, ఒంగోలు వైపు ఎక్కడ, ఎప్పుడు?

హైదరాబాద్ నుంచి ఇంటిల్లిపాదీ రెండు కుక్కలతో వస్తాం, కాటేజీల్లో రానిస్తారా, ఒడ్డున వదిలేయొచ్చా, రైల్లో తేవచ్చా అని అడిగారు. మాది నెల్లూరు. ఇంట్లో ఒక లాబ్రడార్, ఒక నాటుకుక్క. చలికాలం వచ్చిందంటే అత్తయ్య, పిల్లలు, ఈ రెండూ అందరం కలిసి ఏదో ఒక ఒడ్డుకి పోతుంటాం కాబట్టి చెప్తున్నా.

ఫొటోల్లో ఇసుక ఖాళీగా కనిపిస్తుంది గానీ మన వైపు ఖాళీ ఒడ్డంటూ పెద్దగా లేదు. మైపాడు, కొత్తకోడూరు, కావలి దగ్గర తుమ్మలపెంట, ఒంగోలు దగ్గర కొత్తపట్నం, ఎక్కడికి పోయినా పక్కనే జాలర్ల పాలెం ఉంటుంది. ఆ ఒడ్డు జాలర్లు పని చేసుకునే చోటు. పొద్దున్నే పడవలు లాగుతారు, వలలు దులుపుతారు, చేపలు ఎండబోస్తారు. మీ కుక్క పోయి ఆ ఎండు చేపల మీద కాలెత్తిందనుకోండి, ఇక ఆ ఊళ్లో మీకు మర్యాద ఉండదు, ఉండకూడదు కూడా. అందుకే కాటేజీకి ఫోన్ చేసినప్పుడు సముద్రం ఎన్ని అడుగుల దూరమని తర్వాత అడగండి. ముందు కాంపౌండ్ గోడ ఉందా, గేటు కింద సందెంత అని అడగండి.

ఫోన్లో "పర్లేదు సార్, తీసుకురండి" అని, తీరా పోయాక బయట కట్టేయమనే వాళ్లున్నారు. ఎన్ని కుక్కలు, ఎంత పెద్దవి, గదిలోనే పడుకుంటాయి అన్నది వాట్సాప్‌లో రాయించుకోండి. రిసార్టులు ఎక్కువ చూసుకోవాలంటే చీరాల వాడరేవు వైపు పోవాలి. 2022లో అది ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాకి మారింది గానీ ఒంగోలు నుంచి పెద్ద దూరమేం కాదు. శని, ఆదివారాలు మాత్రం వద్దు. ఆ జనంలో కుక్కకీ సుఖముండదు, మీకూ ఉండదు.

ఇక ఎప్పుడన్నది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మాకు అసలు వానలు, వాయుగుండాలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం, ఒడ్డు కాస్త ఖాళీగానే ఉంటుంది. కానీ ఆ ఎండకి కుక్క పాదాలు బొబ్బలెక్కుతాయి. అరచేతి వెనక భాగం ఇసుక మీద ఆనించి చూడండి, మీరు ఓర్చుకోలేకపోతే అదీ ఓర్చుకోలేదు. మిగిలింది డిసెంబర్ ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా. తిరకాసేమిటంటే, జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. ఇసుక తవ్వడం కుక్కలకి ఎవరూ నేర్పక్కర్లేదు కదా. 1972 వన్యప్రాణి చట్టంలో తాబేలుకి మొదటి షెడ్యూల్ రక్షణ, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉంది. చీకటి పడ్డాక కుక్కల్ని ఒడ్డుకి తీసుకుపోకండి, అంతే.

ఆ నెలల్లో చచ్చిన తాబేళ్లు కూడా కొట్టుకొస్తాయి. మా లాబ్రడార్‌కి అది అత్తరు. ఒకసారి గొలుసు లాగేసుకుని పోయి, వీపు ఆనించి నాలుగు కాళ్లూ పైకెత్తి మరీ పొర్లింది. షాంపూ అయింది, శనగపిండి అయింది, చివరికి అత్తయ్య కుంకుడుకాయల పొట్లం కూడా అయింది. ఆ రాత్రి ఆవిడ మంచం వరండాలోకి మార్పించుకున్నారు.

అన్నిటికంటే భయపడాల్సింది అలివి వల (ఒడ్డు నుంచి లాగే పెద్ద వల) లాగిన చోటు. పనికొచ్చే చేపలు ఏరుకుని మిగతావి అక్కడే వదిలేస్తారు. వాటిలో పఫర్ ఫిష్ అని ఒక రకం ఉంటుంది, తెల్లటి పొట్ట బంతిలా ఉబ్బి, దాని నిండా సన్నటి ముళ్లు. మా నాటుది దాన్ని వాసన చూస్తుంటే వల మడిచే పెద్దాయన అరిచాడు: "అమా, కుక్కని లాగు! అది తిన్నదంటే బతకదు!" నిజమే, దాని విషం ఎండబెట్టినా, ఉడకబెట్టినా పోదు. విరుగుడు మందు కూడా లేదు. టేకు చేప తోక ముల్లు ఇసుకలో ఉంటే మీ కాలికైనా దిగుతుంది. కాబట్టి వలలున్న మేర దాటేదాకా గొలుసు చేతికి చుట్టుకునే నడవండి.

వదలాలనుకుంటే పాలేనికి ఎదురు దిక్కున, సరుగుడు తోపుల వైపు వదలండి. అక్కడ పల్లేరుకాయలుంటాయి, తిరిగొచ్చాక వేళ్ల సందులు చూడాలి. పడవల నీడన పడుకునే ఊరి కుక్కలు ఒంటరిగా ఉంటే ఏమీ అనవు గానీ సాయంత్రం గుంపు కడతాయి. చేతిలో కర్ర కనిపిస్తే చాలు, ఎత్తక్కర్లేదు. రేబిస్, డిస్టెంపర్, పార్వో టీకాలు బయల్దేరే ముందు రోజు కాకుండా కొన్ని వారాల ముందే వేయించి ఉండాలి. పిడుదుల మందు మర్చిపోకండి. నెల్లూరులోనో ఒంగోలులోనో పశువుల డాక్టర్ నంబరు ముందే రాసిపెట్టుకోండి.

ఉప్పునీళ్లు తాగితే వాంతులు, విరేచనాలు ఖాయం. మంచినీళ్ల సీసా, గిన్నె ఒడ్డుకే తీసుకుపోండి. చేపల పులుసు మీకు, వాటికి కాదు. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కకి పడవు. కానాగంత చేపలు ఉప్పు లేకుండా ఉడకబెట్టి, ముళ్లు తీసి అన్నంలో కలపండి, గిన్నె కడగక్కర్లేకుండా నాకేస్తాయి.

రైలంటే, ఫస్ట్ ఏసీలో కూపే గానీ క్యాబిన్ గానీ మొత్తం మీ పేరనే ఉండాలి. లేదంటే గార్డు ఉండే బ్రేక్ వ్యాన్‌లో కుక్కల పెట్టె. ఆ పెట్టెలో రాత్రంతా అరిచిన కుక్క మర్నాడు సముద్రాన్ని చూసే స్థితిలో ఉండదు. కారే మేలు. నార్కెట్‌పల్లి నుంచి అద్దంకి రోడ్డు పట్టుకుంటే మేదరమెట్ల దగ్గర హైవే ఎక్కుతారు. తెల్లవారుజామున బయల్దేరండి, కడుపునిండా పెట్టి మాత్రం ఎక్కించకండి, సీటు కవర్లు మీవే.