బోర్డు చేసేవాళ్లు కస్టమర్‌కు సలహాలు ఇవ్వొచ్చా?

ప్రశ్న: అనంతపురంలో ఫ్లెక్సీలు, ఎల్‌ఈడీ అక్షరాల బోర్డులు చేస్తాను. పేరు, రంగు, ఆఫర్లు అన్నీ కస్టమర్లు నన్నే అడుగుతారు, నాకు తోచింది చెప్తాను. టిఫిన్ సెంటర్ పెట్టిన ఒకాయన నా మాట విని నష్టపోయానని, బోర్డు డబ్బులు, రెండు నెలల బాడుగ కట్టమని లాయర్ నోటీసు పంపాడు. ఇకపై సలహాలు మానేయాలా?

జవాబు: మానేయొద్దు. బైపాస్‌లో ఎనభై అడుగుల దూరం నుంచి చదవాల్సిన బోర్డుకు మూడంగుళాల అక్షరాలు చాలని కస్టమర్ అంటే, పది అడుగులకు ఒక అంగుళం లెక్కన కనీసం ఎనిమిది కావాలని, గుడులు, వొత్తులు కలిసిపోకుండా తెలుగుకు ఇంకాస్త పెంచాలని మీరు కాక ఎవరు చెప్తారు? తప్పని తెలిసీ మాట్లాడకుండా చేసిచ్చి డబ్బు తీసుకుంటే అదే సేవాలోపం అనిపించుకోవచ్చు. అంగడి వ్యాపారం కోసమే కదా, వినియోగదారుల చట్టం వర్తించదులే అనుకోకండి. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొనుక్కున్నవాళ్లకు 2019 చట్టం రక్షణ ఇచ్చింది, ఆయన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లగలడు. సలహా ఫ్రీగా ఇచ్చానన్న వాదన కూడా కష్టమే, బోర్డు బిల్లు తీసుకున్నారు కదా.

వ్యాపారం సంగతి వేరు. ‘ఈ పేరు బాగుంటుందనుకుంటా’ అనడం అభిప్రాయం. ‘ఈ బోర్డు పెట్టు, గిరాకీ రెట్టింపు, గ్యారంటీ నాది’ అని వాట్సాప్‌లో రాస్తే అది మీ మెడకు చుట్టుకుంటుంది. అలా రాయకపోయుంటే బాడుగ గురించి టెన్షన్ వద్దు. 1872 కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ప్రకారం ఒప్పందం తప్పినందువల్ల సహజంగా వచ్చే నష్టం, లేదా ఒప్పందం నాడే ఇద్దరికీ తెలిసిన నష్టం మాత్రమే ఇప్పిస్తారు. టిఫిన్ సెంటర్ నడవకపోవడానికి రుచి, ధర, చోటు, పోటీ ఎన్నో కారణాలుంటాయి, దాన్ని బోర్డుకు ముడిపెట్టి రుజువు చేయాల్సింది ఆయనే.

నిజంగా భయపడాల్సింది ఇంకొకటి ఉంది. పేరున్న బ్రాండ్ లోగోలో ఒక్క అక్షరం మార్చి, అదే రంగులో చేసివ్వమంటే ససేమిరా వద్దనండి. 1999 ట్రేడ్ మార్కుల చట్టం 29(7) ప్రకారం, అనుమతి లేదని తెలిసి, లేదా తెలుసుకోదగ్గ పరిస్థితి ఉండి, ప్రకటన మీద ఆ మార్కు వేసినవాళ్లు కూడా ఉల్లంఘనలో భాగస్థులే. కస్టమర్ చెప్తే చేశానంటే సరిపోదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న అంగడి బోర్డు మీద ఆ నంబర్ ఉండాలని, కాంపొజిషన్ స్కీమ్ (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద తక్కువ రేటుతో పన్ను కట్టే పద్ధతి) అయితే ఆ మాట కూడా రాయాలని గుర్తుచేయండి. చాలామందికి ఇది తెలియదు.

ఇకముందు డిజైన్ చార్జి కొటేషన్‌లో విడిగా చూపించండి, వ్యాపార లాభనష్టాలకు మా బాధ్యత లేదని ఒక వాక్యం రాయండి, ప్రూఫ్ (ప్రింటుకు ముందు చూపించే నమూనా) మీద కస్టమర్ ఓకే తీసుకున్నాకే ప్రింటుకు పంపండి.

నోటీసు విషయంలో ఫోన్‌లో గొడవపడకండి, చాట్ డిలీట్ చేయకండి, అందులో ఇచ్చిన గడువు దాటకముందే లాయర్ ద్వారా జవాబు పంపండి. స్పెల్లింగ్ తప్పో, లైట్లు ఆరిపోవడమో ఉంటే మాత్రం అది మీ పనే, ముందు వెళ్లి సరిచేసి, చేసినట్టు సంతకం తీసుకోండి.