పోర్టల్‌లో పేరు ఎక్కించే ముందు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. అమెరికాలో మీ కాలేజీ టెన్నిస్ హెడ్ కోచ్ వేరే యూనివర్సిటీకి వెళ్లిపోతున్నాడట, నువ్వు రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదట. "మీ అమ్మాయి నా బాధ్యత అని వీడియో కాల్‌లో అన్నాడే అక్కా" అని ఒకటే బాధ. ఆ రోజు ఆయన మనస్ఫూర్తిగానే అని ఉంటాడు. కానీ నువ్వు చేరింది కాలేజీలో, ఆయన దగ్గర కాదు. నువ్వు సంతకం పెట్టిన నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్‌లోనే (ఆ కాలేజీ తరఫున ఆడతానన్న ఒప్పంద పత్రం) కోచ్ వెళ్లినా ఒప్పందం చెల్లుతుందన్న ముక్క ఉంది. 2024లో ఆ పత్రాన్నే ఎత్తేశారనుకో, ఆ పద్ధతి మాత్రం మారలేదు.

2022లో మా పెద్దదానికి అచ్చం ఇలాగే జరిగింది. కోచ్ వెళ్తున్నాడని తెలిసిన రాత్రి పదకొండింటికి వంటింట్లో నిలబడి, కాలేజీ మారతానని ఫోన్‌లో నాలుగు లైన్ల మెయిల్ కొట్టి కాలేజీకి పంపేసింది. మాకు పొద్దున కాఫీ దగ్గర చెప్పింది. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల పేర్లుండే ఆన్‌లైన్ జాబితా) వచ్చాక ఎవరి అనుమతీ అక్కర్లేదు. నువ్వు రాసి అడిగితే రెండు పని దినాల్లో కాలేజీ నీ పేరు ఎక్కించి తీరాలి. అంత సులువు కాబట్టే నాకు భయం. పేరు పడ్డాక ఆ సెమిస్టర్ చివర్లో స్కాలర్‌షిప్ ఆపేసే హక్కు వాళ్లకి వస్తుంది. మనసు మార్చుకుని వెనక్కి వస్తే తిరిగి ఇవ్వాలన్న రూలు లేదు. మా దానికి ఆపేశారు. తర్వాత వేసవంతా ఏ కోచ్ ఫోన్ చేస్తాడా అని ఎదురు చూశాం.

నీకు తొందర అక్కర్లేదు. హెడ్ కోచ్ వెళ్తే, ఆ ప్రకటన వచ్చిన మర్నాటి నుంచి పోర్టల్‌లో పేరు ఎక్కించుకోవడానికి 30 రోజుల ప్రత్యేక గడువు ఉంటుంది (ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వాళ్ల లెక్క వేరు). వెళ్లింది అసిస్టెంట్ కోచ్ అయితే ఈ వెసులుబాటు ఉండేది కాదు. సోమవారం కంప్లయన్స్ ఆఫీసుకి (కాలేజీలో ఆటల రూల్స్ చూసేవాళ్లు) వెళ్లి ఆఖరి తేదీ ఏదో రాతపూర్వకంగా తీసుకో. నోటిమాట వద్దు.

ఆయన "నాతో వచ్చెయ్" అని వాట్సాప్ చేశాడని కూడా విన్నాను. జవాబివ్వకు. పోర్టల్‌లో పేరు లేని అమ్మాయితో వేరే కాలేజీ కోచ్ ట్రాన్స్‌ఫర్ మాట ఎత్తకూడదు. ఇప్పుడు ఆయనా వేరే కాలేజీ కోచే కదా.

ఇక నా ఉద్యోగం నేర్పిన సంగతి చెప్తాను. పంతొమ్మిదేళ్లు రిజిస్ట్రార్ ఆఫీసులో వేరే కాలేజీల నుంచి వచ్చిన పిల్లల క్రెడిట్లు లెక్కగట్టాను. ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడొచ్చని 2024లో రూలు వచ్చింది, అందరూ అదే చెప్తారు. చదువు షరతు సంగతి ఎవరూ ఎత్తరు. మూడో ఏడు మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏటికి 60 శాతం పూర్తయి ఉండాలి. అదీ కొత్త కాలేజీ డిగ్రీలో. నీకు ఇప్పుడు 62 క్రెడిట్లు ఉన్నాయనుకో. 120 క్రెడిట్ల డిగ్రీకి 40 శాతమంటే 48. బోలెడు మిగులు ఉందనిపిస్తుంది. కొత్త కాలేజీ 62 క్రెడిట్లూ ఒప్పుకుని, అందులో 17 నీ మేజర్‌కి (డిగ్రీలో నీ ముఖ్య సబ్జెక్టు) పనికిరాని ఎలక్టివ్‌ల కింద వేసిందనుకో. మిగిలేవి 45. జట్టులో ఉంటావు కానీ మ్యాచ్ ఆడలేవు. మా పెద్దదాని అనాటమీ, ల్యాబ్‌తో కలిపి 4 క్రెడిట్లు, ఇలాగే ఎలక్టివ్‌లోకి పోయాయి. నేనే ఆ పని చేసేదాన్ని, నా ఇంట్లోనే అలా అయింది!

అందుకని నువ్వు చదివిన ప్రతి కోర్సు సిలబస్ పీడీఎఫ్ దాచుకో. కోర్సు పేరు చూసి ఎవరూ ఒప్పుకోరు. వారం వారం ఏం చెప్పారు, ఏ పుస్తకం, ల్యాబ్ ఎన్ని గంటలు, ఇవే చూస్తారు. "క్రెడిట్లు తీసుకుంటారా" అని అడిగితే చాలదు, "నా మేజర్‌లో ఎన్ని లెక్కలోకి వస్తాయి" అని అడుగు.

కొత్త చోట ఖాళీ ఉందా అన్నది ఇంకోటి. కాలేజీలే ఆటగాళ్లకి డబ్బు ఇవ్వొచ్చన్న 2025 కోర్టు సెటిల్‌మెంట్‌లో చేరిన కాలేజీల్లో అమ్మాయిల టెన్నిస్ జట్టుకి 10 మందే.

వీసా గురించి మీ నాన్న టెన్షన్ పడుతున్నాడు. పాత కాలేజీ నీ సెవిస్ రికార్డు (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ రికార్డు) వదిలాక కొత్త కాలేజీ ఐ-20 ఇస్తుంది, అదే స్టూడెంట్ వీసాకి ఆధారమైన పత్రం. పాస్‌పోర్టులో స్టాంపు మీద పాత కాలేజీ పేరు ఉన్నా, గడువు ఉంటే చెల్లుతుంది. కొత్త ఐ-20 చేతికొచ్చే దాకా మాత్రం వైజాగ్ టికెట్ కొనొద్దు.

వెళ్లాలా వద్దా అని నన్నడిగితే, కొత్త కోచ్ వచ్చి ఒక వారం ప్రాక్టీస్ చేయించేదాకా ఆగమంటాను. కోచ్‌లు ఎలాగూ మారుతుంటారు. నీ రూమ్మేట్, ఆ ల్యాబ్‌లో ప్రొఫెసర్ నీకు నచ్చారని పోయిన సంక్రాంతికి నువ్వే చెప్పావు. వచ్చినాయన పద్ధతి పడకపోతే అప్పుడు మెయిల్ రాయి, ఆ 30 రోజులు మాత్రం దాటనివ్వకు. కానీ రాత్రి పూట రాయకు.

సిలబస్‌లు, ట్రాన్‌స్క్రిప్ట్ ఈ ఆదివారంలోగా నాకు పంపు. ఏది నిలుస్తుందో, ఏది పోతుందో గుర్తులు పెట్టి పంపిస్తాను. మీ అమ్మతో నేను మాట్లాడుకుంటాలే, నువ్వు ముందు అన్నం తిను.

పెద్దమ్మ